ఉప్పునీటికి తగిన రీలు

వెలుపలి మెరుగును చూచి వస్తువును కొనడం తేలిక. లోపలి సత్తువను తెలిసికొని కొనడం కష్టం. గాలపు వేటలో వాడే ఒక చిన్న చక్రం మాకీ సంగతిని బోధించింది.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణ కొసన కీస్ అనే దీవుల వరుస ఉన్నది. అక్కడ మోకాలిలోతు సముద్రజలాలలోనికి బోన్‌ఫిష్ అనే వెండిరంగు చేప మేతకు వస్తుంది. ఈకలతో, దారాలతో రొయ్యను పోలినట్లు కట్టిన తేలికపాటి ఎరను విసరి దానిని పడతారు. ఇదే ఫ్లై ఫిషింగ్. ఫ్లోరిడాలో స్థిరపడిన మా మామూజాన్‌తో కలిసి మేమును ఈ వేటకు పూనుకొన్నాము. గాలపుకర్ర ఉన్నది, రీలు కొనవలసి ఉన్నది.

వాగులలో చిన్న చేపలను పట్టేవారికి రీలు కేవలం దారాన్ని చుట్టిపెట్టుకొనే సాధనం. సముద్రంలో అదే పగ్గం. గాలం తగిలిన బోన్‌ఫిష్ ఒక్క పరుగున నూరు గజాలు పోగలదు. కనుక సుమారు 30 గజాల ఫ్లై లైను వెనుక, 20 పౌనుల బలం గల దారం మరి 200 గజాలు రీలులో ఇమడాలి. పరుగెత్తే చేపను నిదానింపజేసే బ్రేకును డ్రాగ్ అంటారు. ఎర ముందరి సన్నని దారం 12 పౌనుల బరువుకు తెగేదైతే, డ్రాగ్‌ను 3 పౌనులకు మించి బిగించరు. అది సమంగా జారాలి. పట్టి పట్టి వదిలితే ఆ కుదుపుకే దారం తెగిపోతుంది.

ఇక ఉప్పు సంగతి. అల్యూమినియం, ఉక్కు ఒకదానినొకటి తాకుతూ ఉప్పునీట తడిస్తే, విద్యుద్రసాయన చర్య వలన అల్యూమినియం తినివేయబడుతుంది. అందుకే దానిపై ఆనోడైజింగ్ చేసి గట్టి పొరను కల్పిస్తారు. డ్రాగ్‌లోనికి నీరు, ఇసుక చొరకుండా సీలు వేస్తారు.

దుకాణంలో రెండు రీళ్ళు మా ముందు నిలిచాయి. ఒకటి రంగులతో మెరిసేది, చౌక. దాని బ్రేకుకు సీలు లేదు. రెండవది సాదాది, వెల దాదాపు రెట్టింపు. మామూజాన్ రెండింటి దారాన్నీ లాగి చూచి, “బేటా, జాహిర్‌కు కాదు, బాతిన్‌కు వెల కట్టండి” అన్నారు. పడవ అద్దెకు దాచిన పైకాన్ని కూడా చేర్చి రెండవదానినే కొన్నాము. పడవ లేనందున నీటిలో నడచి వేటాడాలని నిశ్చయించుకొన్నాము.

దీనికి దారం భద్రత ఒక్కటే కారణం కాదు. ఫ్లోరిడా నియమం ప్రకారం పట్టిన బోన్‌ఫిష్‌ను తిరిగి నీట విడువవలె. బలహీనమైన బ్రేకుతో పోరును సాగదీస్తే చేప సొమ్మసిల్లుతుంది. విడిచిన తరువాత సొరచేపల వాత పడుతుంది. మన ముచ్చటకై పట్టిన ప్రాణిని ఈదగలిగే సత్తువతో విడిచిపెట్టడం మన బాధ్యత. పోరును త్వరగా ముగించే బ్రేకు ఆ బాధ్యతలో సగం తీరుస్తుంది.

మిగిలిన సగం మన చేతులది. ప్రతి వేట తరువాత రీలును మంచినీట మెల్లగా కడిగి, డ్రాగ్‌ను వదులు చేసి, నీడన ఆరబెట్టాలి. విద్యార్థి మిత్రులారా, ఎంత మేలైన పనిముట్టుకైనా ఈ సేవ తప్పదు. ఉప్పు ఎవరినీ ఉపేక్షించదు.