చందా పుస్తకము

చందా యను మాట వినినంతనే ముఖము చిట్లించుకొనువారు లోకమున పెక్కుమంది కలరు. రసీదు పుస్తకము చేతబట్టుకొని వీధిని వచ్చు మనుష్యుని దూరమునుండియే పోల్చి, ఇంట నెవ్వరును లేరని చిన్నపిల్లలచేత చెప్పించువారిని మేమెఱుగుదుము. అట్లు చెప్పవచ్చిన పిల్లవాడు మా తరగతి విద్యార్థియే యగుటయు, “మా నాన్నగారు ఇంట్లో లేరని మా నాన్నగారే చెప్పమన్నారండి” యని నిజము పలుకుటయు గూడ నొకమారు సంభవించినది. మేము నవ్వి, “అట్లయిన వారు వచ్చిన పిమ్మట మరల వత్తుమని వారితోనే చెప్పుము” అని యావలి యింటికి పోతిమి.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయందు మాకు పాఠము చెప్పు విధము నేర్పిరి గాని, చందా యడుగు విధము నేర్పలేదు. ఆ విద్యను మాకు వీధులే నేర్పినవి. మా బోర్డింగు వంటయింటి పైకప్పు నిమిత్తమై రెండేండ్లకు పైగా ఈ రసీదు పుస్తకమును మోసిన వారము గాన, ఆ పనిలో మాకు తోచిన సంగతులు కొన్ని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఈ సంచిక మూలముగా మనవి చేయుచున్నాము.

మొదట తెలిసికొనవలసిన దేమనగా, చందా యనునది బిచ్చము గాదు. చెఱువుగట్టు తెగినపుడు ఇంటికొక మనిషి చొప్పున పలుగు పార తీసికొని పోవు నాచారము మన పల్లెలకు క్రొత్తది గాదు. గట్టు అందఱిది గనుక పనియు నందఱిది. పలుగు పట్టి రాజాలనివాడు తన వంతు ధనరూపమున నిచ్చును. చందా యనగా నింతియే. అడుగువాడు సిగ్గుపడ నక్కఱలేదు. ఇచ్చువాడు గర్వింప నక్కఱలేదు.

మన దేశమునందలి గొప్ప సంస్థలు పెక్కు ఈ రీతినే నిలిచినవి. వేటపాలెమునందలి సారస్వత నికేతనమును 1918వ సంవత్సరమున ఆ యూరి యువకులు స్థాపించిరి. ఏ ప్రభువును దానికి కోట గట్టి యియ్యలేదు. చదువుపై ప్రీతిగల జనుల చందాలతోడను, వారిచ్చిన పుస్తకములతోడను అది పెరిగెను. 1921వ సంవత్సరమున బెజవాడయందు కూడిన కాంగ్రెసు సభవారు తిలక్ స్వరాజ్య నిధికై కోటి రూపాయలు కూర్పవలెనని తీర్మానించిరి. అంత మొత్తము అసాధ్యమని తలచినవారు అనేకులు. అయినను, ధనికుల పెద్ద మొత్తములతో సామాన్య జనుల అణాలును బేడలును గలిసి, ఆ నిధి గడువులోపల నెరవేరెను.

మన క్రైస్తవ సంఘ చరిత్రయందును ఇట్టి యుదాహరణము మనకు సమీపముననే కలదు. 1903వ సంవత్సరమున తిరునెల్వేలి క్రైస్తవులు కొందఱు కూడి, పరదేశ ధనముమీద ఆధారపడక తమ కానుకలతోనే సువార్త పని జరుపుటకు ఒక మిషనరీ సంఘమును స్థాపించిరి. ఆ సంఘమువారు తమ పనికి ఎన్నుకొనిన స్థలము మన తెలుగుదేశమునందలి దోర్నకల్లు. తమిళ పల్లెలయందలి సామాన్యులు తామెన్నడును చూడని యూళ్ల కొఱకు, తమకు తెలియని భాష మాటలాడు జనుల కొఱకు తమ కష్టార్జితమునుండి తీసి యిచ్చిరి. ఆ సంఘ స్థాపకులలో నొకరైన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1912వ సంవత్సరమున దోర్నకల్లు బిషపుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన భారతీయులలో వారు ప్రథములు. నిరుపేదలైన పల్లె విశ్వాసులు గూడ ఇయ్యవలెనని వారు బోధించిరి. పేదవాడు గనుక వానిని అడుగరాదనుట దయవలె కానవచ్చును గాని, అది వానిని సంఘమునుండి వెలివేయుటయే యగును. ఇచ్చుటకు పనికిరాడన్న వానిని రేపు ఆలోచన చెప్పుటకును పనికిరాడందురు.

పేదవారు ఇచ్చు విధములలో మిక్కిలి యోగ్యమైనది పిడికెడు బియ్యము. వండబోవు తల్లి ఎసటిలో పోయుటకై బియ్యము కొలుచునపుడు అందుండి ఒక పిడికెడు తీసి వేఱొక కుండలో వేయును. వారమునకొకసారి ఆ బియ్యమును సంఘ స్త్రీలు పోగుచేయుదురు. మిజోరాము కొండలయందలి క్రైస్తవ స్త్రీలు 1910వ సంవత్సరమున ఈ యలవాటు నారంభించి, నేటివఱకు మానలేదు. ఇందలి బలమెంతయో మా యేడవ తరగతి పిల్లలచేత నల్లబల్లమీద లెక్క కట్టించితిమి. పిడికెడు బియ్యము 50 గ్రాములనుకొందము. దినమునకు రెండు పూటలు తీసినయెడల 100 గ్రాములు. ఏడాదికి 36½ కిలోలు. నూఱు ఇండ్లవారు కలిసినయెడల 36½ క్వింటాళ్లు! ఏ యింటను ఎవ్వరును పస్తుండలేదు; ఒక్కొక్క పూట ఒక్క పిడికెడు తగ్గినది. ఈ లెక్క ముగిసిన తరువాత వెనుక వరుసనున్న యొక పిల్ల లేచి, “ఎవరి పిడికిలి అండీ, అమ్మదా, నాదా?” అని యడిగినది. మంచి ప్రశ్నయే. ఎవరి పిడికిలి వారిదే యని చెప్పితిమి.

రెండవ విధము కోతపండుగ వేలము. దీనిని మన పిల్లలు బాగుగా నెఱుగుదురు. గుమ్మడికాయలు, అరటి గెలలు, బెల్లపు దిమ్మలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు గుడి ముంగిట వరుసగా నుండును. ఒక ముసలమ్మ తెచ్చిన కోడిగ్రుడ్డును ఒకరు పాడి, డబ్బు చెల్లించి, మరల కానుకగా నిత్తురు. దానిని మఱియొకరు పాడుదురు. ఆ విధముగా ఒక్క గ్రుడ్డు పదిమంది చేతులు మాఱి, తుదకు ఒక గొఱ్ఱెపిల్ల వెల తెచ్చుట మేము కన్నులార చూచితిమి. ఆ సంతోషము మంచిదే. అయినను అందొక యపాయము గలదు. పంతము పెరిగినపుడు, దినకూలి చేసికొను మనుష్యుడు పొరుగువాని యెదుట తగ్గనొల్లక, ఇంటి బత్తెమునకు కావలసిన రూకలు పాటలో పెట్టును. వేలము పాడించు పెద్దలు ఇది కనిపెట్టి, అట్టివాని పాటవద్ద తొందరగా “మూడోసారి” అనవలెను. లేదా, అతని శక్తి నెఱిగిన మఱియొకరు పైపాట పాడి ఆ భారమును తమపైకి తీసికొనవలెను. మా సంఘమున ఒక పెద్దమనుష్యుడు ఏటేట ఈ పనిని ఎవ్వరికిని తెలియనీయక చేయుచుండెడివారు.

ఇక వంటయింటి సంగతి. పాత పెంకుటి కప్పునకు వాసములు చెదలు తిని, వానకాలమున అన్నపు గంగాళముల నడుమ బక్కెట్లు పెట్టవలసి వచ్చుచుండెను. చందాలు నెమ్మదిగా వచ్చుచున్నవి. అట్టి సమయమున పట్టణమునందలి ధనవంతుడొకరు శ్లాబునకు కావలసిన మొత్తము తామే యిచ్చెదమని కబురంపిరి. రెండు షరతులు పెట్టిరి. ద్వారముమీద వారి పేరు చెక్కింపవలెను. ప్రతి సంవత్సరము బోర్డింగులో ఇద్దఱు పిల్లలను వారు చెప్పినవారినే చేర్చుకొనవలెను. కమిటీలో ఒక రాత్రి చాల ప్రొద్దుపోవువఱకు వాదము జరిగెను. వార్డెనుగారు, “వానలు నెత్తిమీదికి వచ్చినవి. ఆ దూలము పిల్లలమీద పడినయెడల మన నియమములు అడ్డు వచ్చునా?” అనిరి. ఈ మాటకు సులువుగా ప్రత్యుత్తరము చెప్పగలవా రెవ్వరును లేకపోయిరి. అప్పుడు తలిదండ్రుల పక్షమున వచ్చిన యొక రైల్వే హమాలీ లేచి చెప్పిన మాట ఇది: “పంతులుగారూ, ఆయన పేరు ఎంత పెద్దగా రాయించుకున్నా మాకేం బాధ లేదండి. గోడ మీద పేరు ఎవరి అన్నమూ తినదు. ఆ రెండు సీట్లు మాత్రం ఎవరో ఇద్దరు పిల్లల అన్నమండి.”

బోర్డింగు స్థలములు దిక్కులేని పిల్లలకును, దూరపు పల్లెల పేదలకును ఉద్దేశింపబడినవి. పేరు చెక్కించుటకు సమ్మతించి, స్థలముల విషయము సాధ్యపడదని వినయముగా జాబు వ్రాసితిమి. దానికి ప్రత్యుత్తరము రాలేదు, ధనమును రాలేదు.

ఆ వానకాలమంతయు తాటాకు పందిరిక్రింద వంట జరిగెను. తడి కట్టెల పొగకు వంటలక్క కన్నులు వాచినవి. పిల్లలు తరగతి గదులలోనే భుజించిరి. ఉదయమున లెక్కల పాఠము చెప్పునపుడు బల్లలు పప్పుచారు వాసన వేయుచుండెను. మరుసటి వేసవికి పిడికెడు బియ్యము, కోతపండుగ వేలము, పూర్వ విద్యార్థులు పంపిన సొమ్ము, తాపీమేస్త్రియైన యొక తండ్రి సగము కూలికి చేసిన పని, ఇవన్నియు కలిసి శ్లాబు పడెను. కమిటీ చేసినది సరియేనా యని నేటికిని అడుగు తలిదండ్రులు కలరు. ఆ కష్టము పడినవారు కమిటీవారు గాక పిల్లలగుటచేత, ఆ ప్రశ్నను తీసివేయుటకు వీలులేదు. మేము చెప్పగల దొక్కటియే. ఆ యేడు ఆ రెండు స్థలములలో చేరినవారిలో ఒకడు చేపలు పట్టువారి పిల్లవాడు, ఒకతె తల్లి లేని బాలిక. ఇద్దఱును ఇప్పుడు మన పాఠశాలయందే చదువుచున్నారు.

ధనము కూర్చుటకన్న లెక్క చెప్పుట కష్టము. రాజుల రెండవ గ్రంథమున యోవాషు రాజు కాలపు వృత్తాంతము విద్యార్థులు చదివియే యుందురు. మందిరము బాగుచేయుటకై యాజకులు ధనము తీసికొనుచుండిరి గాని, ఇరువది మూడవ యేటివఱకును పని జరుగలేదు. అప్పుడు యెహోయాదా మూతకు బెజ్జము వేసిన పెట్టె నొకదానిని బలిపీఠము దగ్గఱ నుంచెను. అది నిండినపుడు రాజు లేఖకుడును ప్రధాన యాజకుడును ఇద్దఱును కలిసి లెక్కించి, పనివారి కిచ్చిరి. అపొస్తలుడైన పౌలు సయితము యెరూషలేములోని పేదల కొఱకు కూర్చిన సొమ్మును ఒంటరిగా మోసికొనిపోక, సంఘములవారు ఏర్పఱచిన సహోదరులను తోడు చేసికొనెను. ఆయన నిజాయితీని శంకించినవారు కలరని కాదు. శంకకు తావు లేకుండుట మేలని ఆయన తలచెను. కావున మా పాఠశాలలో ఇద్దఱు లేకుండ డబ్బా తెఱువరు. ప్రతి నెల జమాఖర్చు బోర్డుమీద అంటింతురు. ఇప్పుడు చాలమంది ఫోనుమీదనే చందా పంపుచున్నారు. అది సులువైన మార్గమే. అయినను వారికిని రసీదు వ్రాసి పంపవలెనని నియమము చేసితిమి. దాతల పేరులు మొత్తముల వరుసను గాక, అకారాది క్రమమున వ్రాయుదుము. పది రూపాయలిచ్చినవాని పేరు పదివేలిచ్చినవాని పేరునకు పైన నుండవచ్చును. దీనివలన పెద్ద దాతలు కొందఱు నొచ్చుకొందురని హెచ్చరించిరి. నొచ్చుకొనినవారు ఒకరిద్దఱు లేకపోలేదు. బీద విధవరాలి రెండు కాసులను ప్రభువు ఎట్లు లెక్కించెనో తెలిసిన పాఠశాల ఇంతకన్న వేఱుగా పట్టీ వ్రాయజాలదు.

పుచ్చుకొనువారి గౌరవమును గూర్చి ఒక్కమాట. 1876 మొదలు 1878వఱకు వచ్చిన మహా క్షామమున ఒంగోలు మిషనరీయైన క్లౌగుదొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి యిప్పించిరి. గంజి యొసగుట మంచిదే. అయినను ఆ జనులు తమ చేతి పనికి ప్రతిఫలముగా కూలి తీసికొని, తలయెత్తుకొని యింటికి పోయిరి. ఆ కాలమున కూడు కొఱకై మతములో చేరిరను మాట రాకుండ వారు బాప్తిస్మములను నిలిపివేసి, సహాయపు పని ముగిసిన తరువాతనే, 1878వ సంవత్సరము జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యేటియందు 2,222 మందికి బాప్తిస్మ మిప్పించిరి. సహాయము చేయునపుడు దానికి మఱియొక వెల కట్టరాదని దీనినిబట్టి నేర్చుకొనవచ్చును. వంటయింటి కప్పునకు రెండు స్థలములు వెలగా అడిగిననాడు కమిటీలో కొందఱు దీనినే జ్ఞాపకము చేసిరి.

ప్రియ విద్యార్థులారా, రాబోవు సంవత్సరము బాలికల బోర్డింగు ప్రహరీగోడ పని తలపెట్టబడినది. మీలో పదిమంది రసీదు పుస్తకములు పట్టుకొని వీధులలో తిరుగవలసి యుండును. తలుపు మూసికొనినవారిని నిందింపకుడు. వారి యింట ఆ దినమున ఏ యిబ్బంది యున్నదో మీకు తెలియదు. ఇచ్చినవారికి రసీదు వెంటనే యియ్యుడు. ఎంత యని అడిగినపుడు, మీ యిష్టమనుడు. సాయంకాలమున పాఠశాలకు వచ్చి, ఇద్దఱుగా కూర్చుండి, చిల్లర కుప్పలు పెట్టి లెక్క చూచి, వ్రాళ్లు చేసి ఇండ్లకు పొండు. మీ యిండ్లలో బియ్యపు డబ్బా ప్రక్కను చిన్న కుండ యొకటి పెట్టుమని మీ తల్లులను మేము వేడుకొనుచున్నాము. మీ చేతి పనిని దేవుడు వృద్ధిచేయును గాక.