మంచులో ఆరు మైళ్లు

బాలలారా! ధనుర్మాసంలో తెల్లవారుజామున మన పొలాలను కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. ఈ రెండో మంచులో నడవాలంటే అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే పల్లెకు రండి.

పొలాలు, కంచెలు, దారి అన్నీ ఒకటే తెలుపు. ఒక్కొక్కచోట కాలు మోకాలిదాకా దిగబడుతుంది. మైలు నడిచేసరికి అంత చలిలోనూ చెమట పడుతుంది. ఆ చెమటతోనే ప్రమాదం! మీరు ఆగగానే తడిబట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకని చెమట పట్టకముందే పైకోటు బొత్తాలు విప్పుకోవాలి.

ఎక్కడా చప్పుడు లేదు, గమనించారా? కొత్త మంచు నిండా గాలి దూరిన సందులుంటాయి. అవి ధ్వనిని మింగేస్తాయి. ఇప్పుడు నల్లని చేతితొడుగు చాపి, దాని మీద వాలిన మంచురేకును చూడండి. ఆరు కొమ్మలు! ఊపిరి తగలనీయకండి సుమా, కరిగిపోతుంది.

ఈ ఊరి రైతు విల్సన్ బెంట్లీ 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి ఇలాంటి రేకును ఫోటో తీశాడు. అటుపైన అయిదు వేలకు పైగా తీశాడు. 1931 శీతకాలంలో మంచు తుఫానులో ఆరు మైళ్లు నడిచి ఇల్లు చేరాడు. న్యుమోనియా పట్టుకుంది. డిసెంబరు 23న చనిపోయాడు. అప్పటికాయనకు 66 ఏళ్లు.

డిసెంబరులో ఇక్కడ నాలుగుంబావుకే పొద్దు గుంకుతుంది. మనం రెండింటికే వెనక్కు తిరుగుదాం, వచ్చిన అడుగుజాడలు పూడిపోకముందే.