మూడు తీగలు

మన కళాశాల సంచికలో తెలుగు పుటలు ఎడమ నుండి, ఉర్దూ పుటలు కుడి నుండి ప్రారంభమై నడుమ ఎక్కడో కలుసుకుంటాయి. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ అమరికను చూచి నవ్వుకున్నవారిలో నేనూ ఒకడను. యంత్రాలు సైతం అక్షరాలను ఒక వైపు నుండి వ్రాసి, మరొక వైపు నుండి పలుకుతాయని నాకు అప్పటికి తెలియదు. అది తెలిసివచ్చిన సందర్భాన్ని పాఠక మిత్రులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంటి వెనుక వీధిలో ఒక వృద్ధుడు ఉండేవారు. వెండి తీగ పని వారి వృత్తి. కరీంనగరం పేరును దేశదేశాల్లో నిలిపిన ఫిలిగ్రీ కళకు 2007లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి చాలామందికి తెలిసినదే. వెండిని కరగించి, కమ్మచ్చు రంధ్రాలలో నుండి లాగి, వెంట్రుక వంటి తీగగా మార్చి, రెండేసి తీగలు పేని, వంచి, వెలిగారం చల్లి, ఊదుగొట్టపు మంటతో అతికితే ఒక ఆకు అవుతుంది. అటువంటి ఆకులు వందలు చేరితే ఒక అత్తరుదానీ, ఒక పాన్‌దాన్. మా ఇంట ఉర్దూ, వారింట తెలుగు. ఈ వస్తువుల పేర్లు మాత్రం రెండిళ్ళలోనూ ఒకటే. నేను వారిని తాత అని పిలిచేవాడిని.

తాత తన నమూనాలన్నింటినీ కాగితాలపై గీసి ఒక రేకు పెట్టెలో దాచారు. ఒక వానకాలంలో ఇంటి కప్పు కారి, కాగితాలు అంటుకుపోవడం మొదలైంది. నా మిత్రుడైన వారి మనుమడు మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తన చేతి పలకలో ఫొటోలు తీసి భద్రపరచాడు. మూడు వందలకు పైబడిన నమూనాలవి. ఆ తరువాత కాగితాలు నానిపోయాయి, పెట్టె తుక్కులోకి పోయింది.

చేతి పలక అంటే టాబ్లెట్ కంప్యూటరు. 2001లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులూ, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లూ కలిసి సింప్యూటర్ అనే చేతి కంప్యూటరును రూపొందించిననాడే సామాన్యుని అరచేతిలో కంప్యూటరు అన్న ఆశ మన దేశంలో మొలకెత్తింది. 2011 అక్టోబరు 5న నాటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ న్యూఢిల్లీలో ఆకాశ్ పలకను విడుదల చేసినప్పుడు ఆ ఆశ కళాశాలల దాకా వచ్చింది. అనంతరం రెండు మూడేళ్ళలో ఏడంగుళాల చవక పలకలు ఎన్నో రకాలు అంగళ్ళను నింపివేశాయి. మిత్రుని పలక వాటిలో ఒకటి.

2014 శ్రావణంలో ఆ పలక మూగబోయింది. మీట నొక్కితే తయారీదారు చిహ్నం వెలుగుతుంది. అంతే, అక్కడే ఆగిపోతుంది. బాగుచేసే అంగట్లో చూపగా, 'సాఫ్ట్‌వేరు మళ్ళీ ఎక్కించవచ్చు గాని, లోపలున్నదంతా చెరిగిపోతుంది' అన్నారు. మిత్రుడు పలకను తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను బి.ఎస్‌సి.లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నానన్నది తప్ప వాడి నమ్మకానికి వేరే ఆధారం లేదు.

మా అధ్యాపకులు పలకను త్రిప్పి చూచి, 'దీనికి తెర ఒక్కటే నోరనుకున్నావా? సీరియల్ ద్వారం కూడా ఉంటుంది, వెదుకు' అన్నారు. సీరియల్ అనగా వరుస. అక్షరంలోని బిట్లన్నీ ఒక్కసారిగా ఎనిమిది తీగలపై పోక, ఒకే తీగపై ఒకదాని వెనుక ఒకటి పోవడం. టెలిప్రింటర్ల కాలం నాటి పద్ధతి ఇది; దాని వేగాన్ని కొలిచే బాడ్ అన్న మాట ఫ్రెంచి తంతి ఇంజనీరు బాడో పేరు నుండి వచ్చినదే. ఆర్.ఎస్. 232 అనే ప్రమాణం 1960లో అమెరికాలో ఏర్పడింది. కర్మాగారంలో, తెర ఇంకా బిగించని బోర్డును పరీక్షించడానికి ఇంజనీర్లకు ఈ వరుస మార్గమే సాధనం. పని ముగిశాక దానికి బయటి ముఖం పెట్టరు, ఖర్చు కలిసివస్తుందని. బోర్డు మీద మూడు రాగి చుక్కలు మాత్రం మిగిలిపోతాయి: ఒకటి పలికేది, ఒకటి వినేది, ఒకటి భూమి.

ఇక్కడే నాకు ఆ కుడి ఎడమల సంగతి తెలిసింది. ఆంగ్లంలోని పెద్ద 'ఏ' అక్షరానికి సంకేత సంఖ్య 65. దానిని రెండంకెల పద్ధతిలో 01000001 అని ఎడమ నుండి వ్రాస్తాము. తీగ మీద మాత్రం కుడి కొసన ఉన్న 1 మొదట బయలుదేరుతుంది. వ్రాత తెలుగు తీరు, పలుకు ఉర్దూ తీరు. అధ్యాపకులతో ఈ మాట అంటే ఆయన చాలాసేపు నవ్వారు.

నవ్వి, ఒక హెచ్చరిక కూడా చేశారు. ప్రయోగశాలలోని పాత కంప్యూటరుకు తొమ్మిది సూదుల సీరియల్ ద్వారం ఉండేది. దానికే నేరుగా తీగలు కలిపివేద్దామని నా ఆలోచన. ఆర్.ఎస్. 232లో 1కి ఋణ విద్యుత్తు, 0కి ధన విద్యుత్తు. అది 3 వోల్టుల నుండి 15 వోల్టుల దాకా ఉండవచ్చు. పలక లోపలి చిప్పు ఓర్చుకొనేది 3.3 వోల్టులు మాత్రమే. కలిపి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరమే ఉండేది కాదు! హైదరాబాదు వెళ్ళి, కోఠీలోని గుజరాతీ గల్లీలో, 3.3 వోల్టులకు అమర్చుకోదగిన చిన్న యు.ఎస్.బి. మార్పిడి బోర్డు కొనుక్కొని, సాయంకాలపు బస్సుకు తిరిగివచ్చాను.

వెనుక మూత తీసిన తరువాత చుక్కలు కనబడ్డాయి. ఒక్కొక్కటి ఆవగింజంత. మూడింటికీ తీగలు అతికాను. పలికే తీగను పలికే తీగకే కలిపినందున ఏమీ రాలేదు. ఇద్దరు మనుష్యులు ఒకరి నోటికి మరొకరు నోరు ఆనించి మాటలాడినట్లయింది. ఒకరి నోటి ఎదుట రెండవవారి చెవి ఉండాలి గదా! పొరపాటు గ్రహించి, తీగలు మార్చే ఆత్రుతలో ఒకదానిని లాగాను. తీగతోపాటు రాగి చుక్క కూడా బోర్డు నుండి ఊడి చేతిలోకి వచ్చింది.

ఊడినది వినే చుక్క. పలికేది నిలిచింది. వేగాన్ని 9600కు పెట్టి చూడగా తెర నిండా పిచ్చి గీతలు, ప్రశ్నార్థకాలు. 115200కు మార్చగానే పలక పలికింది. వరుస వెంట వరుస, కంటికందని వేగంతో, తాను నిద్ర లేచిన వైనమంతా చెప్పుకుపోయింది. లినక్స్ లేచింది, జ్ఞాపకశాల దొరికింది. ఆపైన, స్థలం మిగలలేదన్న ఒకే ఆంగ్ల వాక్యం మరల మరల. రోగం అంతే! ఏవో ఆటలు, వాటి తాలూకు తుక్కు నిండి, వ్యవస్థకు ఊపిరి తీసుకొనేందుకు చోటు లేక, లేవబోయి పడిపోతున్నది. నమూనాలు చెక్కు చెదరలేదు. చివరి వరుసలో ఆజ్ఞ కొరకు ఎదురుచూచే గుర్తు కూడా నిలిచి ఉంది. నేను మీటలు నొక్కుతూనే ఉన్నాను. దాని చెవి తెగిపోయి నా వద్దే ఉంది.

రెండు రోజులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మూడవ నాడు తాత ఎదుట కూర్చున్నాను.

'ఏమైంది బిడ్డా, మొఖం అట్ల పెట్టినవ్?' అన్నారు. చెప్పాను. కోపగిస్తారనుకున్నాను. బోర్డును భూతద్దం క్రింద పెట్టి చాలాసేపు చూచి, 'తెగినదాని మొదలెక్కడుందో చూడు. తీగ ఎన్నడూ ఒక్క కాడనే ఉండదు' అన్నారు. నిజమే, ఊడిన చుక్క నుండి చిప్పు వైపు పోయే రాగి దారి ఆకుపచ్చని పూత క్రింద పదిలంగా ఉంది. ఎలక్ట్రానిక్స్ చదివిన నాకు ఆ దారిని వెదకాలని తోచలేదు.

నా సోల్డరింగ్ కడ్డీని చూచి ఆయన పెదవి విరిచారు. దాని మొనకు మందమైన రాగి తీగ చుట్టి, ముందుకు ఒక కొస వదలి, సూది మొన వలె చేసుకున్నారు. సన్నని చాకుతో ఆకుపచ్చని పూతను నువ్వుగింజంత మేర గీకారు, రాగి మెరిసింది. తీగ కొసకు ముందే తగరపు పూత పెట్టి ఉంచారు. ఆయన చూపు మందగించి అప్పటికి కొన్నేళ్ళయింది, చెయ్యి మాత్రం నిశ్చలంగా ఉంది. నా చూపు బాగుంది, చెయ్యి నిలువదు. నేను దీపం పట్టుకొని 'కొంచెం ఎడమకు తాతా, ఇంకొంచెం' అంటున్నాను, ఆయన జరుపుతున్నారు. రెప్పపాటు సేపు పొగ లేచింది. 'గాలి ఊదకు, దానంతటదే చల్లారాలె' అన్నారు. ఆ పైన నన్ను తీగ ముట్టుకోనివ్వక, బోర్డు అంచుకు దానిని తానే జిగురుతో అతికించారు. లాగినా అతుకు దాకా బలం పోకూడదట. నా చదువులో ఆ పాఠం లేకపోయె!

ఆజ్ఞ వ్రాశాను. పలక వినింది.

చిత్రాలను ఆ తీగ మీదుగానే రప్పిద్దామా అన్నాడు మిత్రుడు. లెక్క వేశాము. 115200 వేగంతో, అక్షరానికి ఆది, అంతపు గుర్తులతో కలిపి పది బిట్ల చొప్పున, సెకనుకు 11,520 అక్షరాలు పోతాయి. రెండు మెగాబైట్ల చిత్రం ఒక్కటికి దాదాపు మూడు నిమిషాలు. మూడు వందలకు పదునాలుగు గంటలకు పైనే. కనుక తీగ మీద ఆజ్ఞలు మాత్రమే పంపి, చిత్రాలను ఒక మెమొరీ కార్డులోనికి నకలు చేయించాము. పిమ్మట ఆటల తుక్కును చెరిపివేయగా పలక మామూలుగా లేచింది.

పదకొండు చిత్రాలు తెరుచుకోలేదు. పలక లేవబోయి పడిపోతున్నప్పుడు చెడినవో, ముందే చెడినవో చెప్పలేను. ఏవేవో తాతకు జాబితా చదివి వినిపించాము. ఒక నెమలి, రెండు మామిడి పిందెలు, గులాబ్‌దానీ మూత, ఇంకా కొన్ని. ఆయన తొమ్మిదింటిని ఆ వారంలోనే జ్ఞాపకం మీద మళ్ళీ గీశారు. గులాబ్‌దానీ మూత ఎంతకూ కుదరలేదు. దానిలో ఎన్ని రేకులున్నవో తనకే గుర్తు రావడం లేదని, వేళ్ళు మడిచి లెక్కించుకుంటూ చాలా రోజులు గడిపారు. పదకొండవ దానిని ఆయన అసలు ప్రయత్నించలేదు. అది తన తండ్రి గీసినదని చెప్పారు.

పలక మూత తిరిగి బిగించేటప్పుడు ఆ మూడు తీగలను తెంపివేద్దామనుకున్నాను. తాత ఒప్పుకోలేదు. 'మళ్ల మూగవోతె?' అన్నారు. మూత అంచున చిన్న గండి కోసి, తీగలను బయటకు తీసి, కొసలు ఒక ముడి వేసి వదిలాము. వారి అంగడి గల్లాపెట్టె ప్రక్కన ఆ పలక చాలా కాలం అట్లే ఉండేది. వచ్చిన బేరగాండ్రు ఆ తోకేమిటని అడిగేవారు.