పసుపుపచ్చ దీపం

దీపం వెలిగిందంటే ఇంటికి శుభం అనుకుంటాం మనం. కారులో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. తాళం తిప్పగానే దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, రెండు మూడు క్షణాల్లో బుద్ధిగా ఆరిపోవాలి. ఆరకుండా మొండికేసిన దీపమే అపశకునం. ఆ దీపాల్లో ఏ.బి.ఎస్. అని మూడక్షరాలతో పసుపుపచ్చగా వెలిగేది ఒకటుంది. కార్ల గొడవ మనకెందుకని పేజీ తిప్పెయ్యకండి. ఆ దీపం నిరుడు మా అక్కయ్య ఇంట్లో తల్లీకొడుకుల మధ్య చిన్న యుద్ధమే తెచ్చిపెట్టింది.

అక్కయ్య ఉండేది అమెరికాలో, న్యూజెర్సీలో. బావగారు పోయి మూడేళ్ళయింది. ఆయన వదిలివెళ్ళినవాటిలో 1995 నాటి స్పోర్ట్స్ కారు ఒకటి. ఎర్రటిది, రెండే సీట్లు, పైకప్పు గుడ్డది. కొబ్బరికాయల బస్తా ఎక్కిస్తే మనిషికి చోటుండదు. ఆ కారును ఆయన కన్నబిడ్డలా చూసుకునేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ అక్కయ్య దాని స్టీరింగు ముట్టుకోలేదు. ఆయన పోయాక ఆదివారం ఆదివారం తీసి నడపడం మొదలుపెట్టింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చీర కొంగు దోపుకుని, గుడ్డకప్పు మడిచి వెళుతూంటే చూడాలి మీరు!

నేను వెళ్ళిన వారానికే గొడవ మొదలైంది. బడి దగ్గర చౌరస్తాలో మెల్లిగా ఆగుతూండగా, కాలి కింద బ్రేకు గడగడా వణికింది. కారు ఆగాల్సిన గీత దగ్గర ఆగక రెండడుగులు ముందుకు జారింది. అదృష్టం కొద్దీ ఎదుట పిల్లలెవరూ లేరు. మళ్ళీ బయల్దేరి కాస్త వేగం అందుకోగానే పసుపుపచ్చ దీపం వెలిగింది.

ఈ ఏ.బి.ఎస్. ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. సబ్బునీళ్ళు ఒలికిన గచ్చు మీద కాలు జారితే మనం ఎటు తిరగాలన్నా తిరగలేం కదా! గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం తిరగడం మానేసి జారడం మొదలుపెడితే కారు గతీ అంతే. స్టీరింగు ఎటు తిప్పినా అది వెళ్ళేవైపే వెళుతుంది. అంచేత చక్రం బిగుసుకుపోతోందని తెలియగానే బ్రేకును క్షణంలో కొద్దిగా వదిలి, మళ్ళీ పట్టి, మళ్ళీ వదిలే ఏర్పాటు చేశారు. మన కాలు సెకనుకి అన్నిసార్లు ఆడలేదు. మొదట ఇది విమానాల చక్రాల కోసం పుట్టింది. 1966లో ఇంగ్లండులో జెన్సెన్ ఎఫ్.ఎఫ్. అనే కారుకి పెట్టారు. 1978లో బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ పద్ధతి మెర్సిడెస్ పెద్దకార్లలో వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇది ఉండి తీరాలన్నారు.

అక్కయ్య కారును షాపుకి తీసుకెళితే, అక్కడి మనిషి అయిదు నిమిషాలు చూసి, ఏ.బి.ఎస్. పెట్టె మొత్తం మార్చాలనీ, రెండువేల డాలర్ల పైమాటే అనీ చెప్పేశాడు. కారు అమ్మితే వచ్చేదే నాలుగువేలు! మా అక్కయ్య కొడుకు ఆ మాట పట్టుకున్నాడు.

"అమ్మేద్దామమ్మా. బ్రేకులు సరిగ్గా లేని కారేసుకుని నువ్వు తిరుగుతూంటే నాకు ఆఫీసులో కాలు నిలవదు. నువ్వైనా చెప్పు పిన్నీ" అన్నాడు.

వాడన్నదీ నిజమే. తండ్రి పోయిన పిల్లాడు, తల్లి గురించి హడలిపోతున్నాడు. కాని అక్కయ్య మొహం చూస్తే, అమ్మేద్దామనేది కారును కాదు, ఆవిడ ఆదివారాలని అనిపించింది నాకు. నేను ఎటూ మాట్లాడలేదు.

పక్కింటాయన మరీ తేలికైన ఉపాయం చెప్పాడు. ఆ దీపం బల్బు తీసేస్తే సరి అన్నాడు. అక్కయ్య నాకేసి తిరిగి, "జ్వరం వచ్చిందని థర్మామీటరు పగలగొట్టుకుంటాముటే?" అంది తెలుగులో.

ఆ రాత్రి బావగారి అలమర తెరిచి మరమ్మతుల పుస్తకం తీసింది. లావుపాటిది, పేజీలకి నూనె మరకలు. దాంతోపాటు ఒక నోటుబుక్కూ దొరికింది. చాకలిపద్దులాగా తారీఖులు వేసి, ఏనాడు ఏం మార్చిందీ బావగారు రాసుకున్నారు.

"అసలు జబ్బేమిటో తెలియనిదే వైద్యమేమిటి? పదిరోజులు గడువియ్యి. అందాకా కారు కదిలించను. అప్పటికీ తేలకపోతే నీ ఇష్టం" అంది కొడుకుతో.

అక్కడ 1996 నుంచి వచ్చిన కార్లకి ఇంజను తప్పులు చెప్పే యంత్రం ఒకటి తగిలిస్తే చాలు. ఇది అంతకు ముందుది. దానికో పాతకాలపు పద్ధతుంది. బానెట్ కింద మూతపెట్టె తెరిచి, పుస్తకంలో చూపిన రెండు రంధ్రాలనీ వైరుముక్కతో కలిపి తాళం తిప్పితే, ఆ పసుపుపచ్చ దీపమే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. పొడుగ్గా ఎన్నిసార్లు, పొట్టిగా ఎన్నిసార్లు అన్నది లెక్కపెట్టుకోవాలి, పూర్వం తంతి ఆఫీసులో టకటకల్లాగా. అక్కయ్య పైకి లెక్కపెడుతూంటే నేను కాగితం మీద రాశాను. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ ఒకటే అంకె. పుస్తకం తిరగేస్తే, వెనక కుడిచక్రం వేగం చెప్పే సెన్సరు అని ఉంది.

ఆ కారులో చక్రానికొకటి చొప్పున నాలుగు సెన్సర్లున్నాయి. చక్రంతోపాటు పళ్ళచట్రం ఒకటి తిరుగుతుంది. దాని ఎదురుగా సూదంటురాయి, తీగచుట్ట ఉన్న చిన్నముక్క కూర్చుంటుంది. పన్ను దాటినప్పుడల్లా తీగలో కాస్త కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తీరును బట్టి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో పెట్టెకి తెలుస్తుంది. చక్రం నెమ్మదించినకొద్దీ ఆ కరెంటూ సన్నబడుతుంది.

"ఇంకేం, సెన్సరు కొనేద్దాం" అన్నాను.

"ఆగు. చాడీ చెప్పగానే కోడలిదే తప్పనుకుంటే ఎలా?" అంది.

మల్టీమీటరు పెట్టి నాలుగు తీగచుట్టల నిరోధం కొలిచింది. నాలుగూ ఇంచుమించు సమానమే! అంటే చుట్ట తెగలేదు. వైరును అటూ ఇటూ వంచుతూ కొలిచింది. అంకె కదల్లేదు. అంటే వైరూ బాగానే ఉంది. ఆ తర్వాత కొడుకుని పిలిచి కారు ఎత్తించింది. జాకీని నమ్మకుండా కింద స్టాండ్లు పెట్టించింది. వాడు వెనకచక్రాలు ఒక్కొక్కటీ చేత్తో తిప్పుతూంటే, ఈసారి పుట్టే కరెంటు కొలిచింది. ఎడమది చక్కగా పలికింది. కుడిది నీరసంగా మూలిగింది.

అక్కడ తెలిసింది అసలు సంగతి. సెన్సరు చెడలేదు, చట్రానికి దూరమైంది. ఆ బోల్టు ఊడదీయడానికి నూనె పోసి ఒక రాత్రి నానబెట్టవలసివచ్చింది. బయటికి తీస్తే, కొసనిండా ఇనుపరజను. అది కూర్చునే చోట తుప్పు పొరలుగా పొంగి, ముక్కని పైకి ఎత్తేసింది. ఎంత? గోరు మందం కూడా లేదు. అక్కడ ఉండవలసిన సందే ఇంచుమించు ఒక మిల్లీమీటరు మరి! చలికాలంలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు చేసిన ఘనకార్యం ఇది.

బండి నెమ్మదించేసరికి, అసలే సన్నబడ్డ ఆ కరెంటు బొత్తిగా అందేది కాదు. చక్రం బిగుసుకుపోయిందనుకుని పెట్టె అక్కడి బ్రేకు వదిలేసేది. చౌరస్తాలో జారింది అందుకే. ఆ తర్వాత అనుమానం వచ్చి, దీపం వెలిగించి తాను తప్పుకునేది. దీపం వెలిగాక మామూలు బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి, జారకుండా కాసే కాపలా మాత్రం ఉండదు. అయితే ఎర్రదీపం కూడా తోడైందా, ఇక నడపకూడదు. బ్రేకు ద్రవం తగ్గిందేమో చూసుకుని, నిపుణుల్ని పిలవాల్సిందే.

వైరుబ్రష్షుతో తుప్పు గీకి, కొస తుడిచి, ముక్కని యథాస్థానంలో బిగించింది. మళ్ళీ తిప్పి కొలిస్తే రెండుచక్రాలూ ఒక్కలా పలికాయి. నోటుబుక్కులో చూస్తే బ్రేకు ద్రవం మార్చి అయిదేళ్ళయిందని తేలింది. అది గాలిలో తేమని పీల్చుకుంటుందిట, లోపల తుప్పు పట్టిస్తుందిట. రెండేళ్ళకోసారి మార్చాలి. ఆ పని మాత్రం వేరే షాపులో చేయించింది.

వానపడి వెలిసిన ఒక పొద్దున్న ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగు స్థలానికి వెళ్ళారు తల్లీకొడుకులు. నేను గట్టుమీద నుంచున్నాను.

"మెల్లిమెల్లిగా తొక్కి వదలకమ్మా. ఒక్కసారిగా తొక్కి, కాలు తీయకుండా ఉంచు. వణికితే వణకనీ" అంటున్నాడు వాడు. పుస్తకం వాడూ చదివాడన్నమాట!

అక్కయ్య వేగం అందుకుని ఒక్క తొక్కు తొక్కింది. తడినేల మీద కారు గడగడమంటూ, ముక్కు పక్కకి తిప్పకుండా సూటిగా ఆగింది. దీపం వెలగలేదు. వాడు దిగివచ్చి ఏమీ అనలేదు, "పిన్నీ, ఆకలేస్తోంది" అన్నాడు అంతే.

అమ్మకం మాట ఆ తర్వాత వాడెత్తలేదు. అక్కయ్య మాత్రం ఆ సాయంత్రం నోటుబుక్కు తీసి, బావగారి ఆఖరిపంక్తి కింద తారీఖు వేసి, "వెనక కుడిచక్రం, తుప్పు గీకడమైనది" అని తన గుండ్రటి అక్షరాలతో రాసింది. మొత్తం ఖర్చు ఎంతయిందో పక్కన వేయబోయి, నూనె, బ్రష్షు, ద్రవం అన్నీ కలిపి కూడుతూ కూర్చుంది. రెండువేలలో పదోవంతు కూడా కాలేదుట. ఆ మిగిలిన డబ్బుతో కారుకి కొత్త గుడ్డకప్పు కొంటానంటోంది.