చిన్న కుళాయి

మొన్నటి వేసవిలో మేము అమెరికా దేశమున మిచిగాన్ రాష్ట్రమందలి డియర్‌బర్న్ పట్టణమునకు పోయితిమి. మా అమ్మాయి కాపురము ఆ చెంతనే. హెన్రీ ఫోర్డు 1929లో ప్రారంభించిన గ్రీన్‌ఫీల్డు విలేజి యను పురాతన వస్తుగ్రామ మచ్చట గలదు. అందలి వీధులలో మోడల్ టీ మోటారుబండ్లు నేటికిని యాత్రికులను త్రిప్పుచున్నవి. 1908 మొదలు 1927 వరకు అట్టి బండ్లు దాదాపు ఒకటిన్నర కోట్లు తయారైనవి.

మేమెక్కిన బండిని నడపిన వృద్ధుడు, ఇంజను ఆపి కొంతసేపైన పిదప, అడుగున నున్న రెండు చిన్న ఇత్తడి కుళాయిలను మాకు చూపెను. ఒకటి ఎగువ, ఒకటి దిగువ. ఈ బండికి నూనె కొలచు పుల్లయు లేదు, నూనె పంపును లేదు. ఇంజను వెనుక తిరుగు పెద్ద చక్రమే అడుగునున్న నూనెను పైకి చిమ్మును. అది సన్నని గొట్టమున బడి ముందువైపునకు పారును. కావున నూనె యెంత యున్నదో తెలిసికొనుట ముఖ్యము. ఎగువ కుళాయి త్రిప్పగా నూనె కారినచో కొదువ లేదు. దిగువ దానినుండి మాత్రమే కారినచో మరికొంత పోయవలెను. దిగువదియు పొడిగా నున్నచో బండి కదల్పరాదు. అన్నముడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచినట్లే!

ఆ కుళాయిని చూడగనే మేము నిర్ఘాంతపోయితిమి. చిన్ననాడు మేము లక్కపిడతలాటలో నీళ్లు పట్టిన కుళాయి యదియే! గోదావరి తీరమున మా తాతగారికి అట్టి పాతబండి యుండెడిది. మరమ్మతునకు వచ్చిన మేస్త్రీ యొకడు కుళాయిలు చెమ్మగిల్లుచున్నవని, "వీనితో పనియేమి?" యని ఊడదీసి, రంధ్రములకు బిరడాలు బిగించెను. ఊడిన కుళాయి మా యాటకు దక్కెను. కొన్ని నెలలకు, మా మేనత్తను అత్తవారింటికి దిగబెట్టబోవుచుండగా, ఇంజను నడిదారిలో బిగిసిపోయెను. నూనె చాలక లోపలి మెత్తని లోహపు బేరింగులు కరగినవి. కొత్త పెండ్లికూతురు ఎడ్లబండిపై అత్తవారిల్లు చేరెను. అపశకునమని పలువురు గుసగుసలాడిరి. పాప మామె ఆ మాట చాలకాలము మోసెను.

శకునము కాదు, నూనె కొరత యని మాకిన్నేండ్లకు తెలిసినది. ఆ రాత్రియే మేనత్తకు ఫోనులో చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, "ఆ కుళాయి యింకను ఉన్నదా?" యని యడిగెను.

సోదరీమణులారా, పాతవస్తువున నొక చిన్న తునక వ్యర్థముగ తోచినచో, దాని పని యేమో విచారింపక తీసివేయకుడు.