ముందు అడుగు చూస్తాను

పూల పేపర్‌వెయిట్ చేతికిస్తే అందరూ పైనుంచి చూస్తారు. నేను ముందు బోర్లిస్తాను. లండన్‌లో వేలానికి వచ్చే పాత గాజు సామాను ఏ ఊరిదో, ఏ కాలానిదో తేల్చడం నా పని. ఏళ్ల తరబడి బల్లల మీద తిరిగిన అడుగున సన్నటి గీతలు తలో దిక్కుకూ పోతాయి. గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెచ్చిన చోట అవి ఒకే వరసలో ఉంటాయి.

ఈ అలవాటు నాకు ఒక తప్పు వల్ల అబ్బింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పేపర్‌వెయిట్ లోపలి పూలు చూసి మురిసిపోయి, కేటలాగులో బాకరా, ఫ్రాన్స్ అని రాశాను. కొన్నాయన వారం తిరక్కుండా వెనక్కి తెచ్చాడు. మా సీనియర్ కోప్పడలేదు. దాన్ని దారంతో త్రాసుకు వేలాడదీయించి, ఒకసారి గాలిలో, ఒకసారి నీళ్లలో నా చేతే తూయించారు. గాలిలో బరువును, నీళ్లలో తగ్గినంత బరువుతో భాగించాలి. సీసం బాగా కలిసిన బాకరా గాజైతే 3 దాటాలి. నాకు 2.5 వచ్చింది. మామూలు సోడా గాజు. 1930ల నుంచీ ఫ్రెంచి నమూనాలు చూసి చైనాలో చేసిన నకళ్లలో అదొకటి. అందులోని పసుపు జీర అప్పటిదాకా నా కంటికి ఆనలేదు.

పూలను నమ్మకూడదని కాదు. ఆ పూల కోసం రంగు గాజు కడ్డీలు కట్టగట్టి, వేడిచేసి, సన్నగా సాగదీసి అడ్డంగా కోస్తారు. బెండకాయ తరిగినట్టే, ఏ ముక్కలో చూసినా అదే పువ్వు. ఏ కర్మాగారం కడ్డీల తీరు దానిది. క్లిషీ అనే మరో ఫ్రెంచి కర్మాగారం వాళ్ల గులాబీకి ఎంత పేరంటే, గులాబీ కనిపించగానే క్లిషీ అనేస్తారు. గులాబీలు ఇతరులూ చేశారు. అసలు క్లిషీ గాజు బాకరా కంటే తేలిక, అది చేతికే తెలుస్తుంది.

తేదీల సంగతీ అంతే. తేదీ వేసిన బాకరావి 1846 నుంచి 1849 వరకే దొరికేవి. 1951లో ఆ ఊరి చర్చి పునాదిరాయిలోంచి 1853 అని ఉన్నది బయటపడ్డాక మా లెక్కలు మారాయి.

మొన్న ఒక పెద్దావిడ వాళ్ల నాన్నగారి పేపర్‌వెయిట్ తెచ్చింది. అడుగున గీతలు తలో దిక్కుకూ ఉన్నాయి. త్రాసు 3.1 చూపింది. భూతద్దం ఆవిడకే ఇచ్చి, అంచు దగ్గర ఎక్కడ చూడాలో చెప్పాను. బి అక్షరం, కింద 1847. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఉన్నదే, ఆ అంకెలు ఆవిడ చూడటం అదే మొదలు.