అహూజా మామయ్య, నా సెన్‌హైజర్

నందిగామలో మా మామయ్యను అసలు పేరుతో పిలిచినవారు తక్కువ. "అహూజా ఆయన" అంటే రిక్షావాళ్ళు సైతం తిన్నగా ఆయన కొట్టు ముందు దింపేవారు. మామయ్యది మైకుసెట్టు కొట్టు. ఢిల్లీలో తయారయ్యే అహూజా ఆంప్లిఫయర్లు, హారన్లు, మైకులు తప్ప మరొక పేరున్న వస్తువు ఆ కొట్టు గడప దాటి లోపలికి వచ్చేది కాదు. పెళ్ళిళ్ళు, ఎన్నికల సభలు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళు, ఊళ్ళో హరికథలు, అన్నింటికీ ఆ వెండిరంగు హారన్లే. మాది మెట్ట ప్రాంతం. రాత్రిపూట గాలి ఆగినప్పుడు, వేపచెట్టుకు కట్టిన హారన్ నుంచి వచ్చే పాట మిరపచేల మీదుగా పక్క ఊరి దాకా వినిపించేది. ఆ పాట వింటూ, "అది మనదే" అని మామయ్య నిద్రలో కూడా గుర్తుపట్టేవాడని అత్తయ్య చెప్పేది.

వేసవి సెలవులకు జగ్గయ్యపేట నుంచి నేను బస్సెక్కి నందిగామ వెళ్ళేవాణ్ణి. ముప్పై కిలోమీటర్ల ప్రయాణం. నా బాల్యంలోని అతి పెద్ద హాస్య సంఘటన ఆ కొట్టులోనే జరిగింది. మామయ్య దగ్గర పనిచేసే కుర్రవాడొకడు పాడైపోయిన అహూజా ఆంప్లిఫయర్ నుంచి పేరుపలక ఊడదీసి, ఎవరో స్థానికంగా బిగించిన ఒక డబ్బాకు అంటించాడు. దాన్ని బల్లమీద పెట్టి పాట వేశాడు. మామయ్య కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, "చూశావా గొంతు! కంపెనీ అంటే ఇదిరా" అన్నాడు. కుర్రవాడు నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాడు. సంగతి తెలిశాక మామయ్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు పలక తీయించి, ఆ డబ్బాను అటక ఎక్కించాడు. అది బాగా పాడుతుందన్న మాట మాత్రం ఆయన నోట మళ్ళీ రాలేదు.

జగ్గయ్యపేటలో మా ఇంటి మతం వేరు. మా నాన్నగారు మర్ఫీ భక్తులు. చెక్కపెట్టెలో అమర్చిన మర్ఫీ రేడియో మా ముందుగదిలో దేవుడి పటానికీ గడియారానికీ మధ్య కొలువై ఉండేది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం 837 కిలోహెర్ట్‌జ్ మీద ఏ రేడియోలోనైనా పలుకుతుంది. కానీ భక్తిరంజని మర్ఫీలో వింటేనే భక్తిరంజని అని నాన్నగారి సిద్ధాంతం. ఎదురింటివారు ఫిలిప్స్ కొన్నప్పుడు, "పాపం, మంచివాళ్ళే" అని ఆయన నిజంగా జాలిపడటం నాకు గుర్తుంది.

పెద్దయ్యాక లెక్కలు చూస్తే ఆయన సిద్ధాంతంలో సగం కూలిపోయింది. మన దేశంలో మధ్యతరంగాల మీద ఒక కేంద్రానికీ మరొక కేంద్రానికీ మధ్య ఎడం 9 కిలోహెర్ట్‌జ్. అంత ఇరుకుదారిలో పక్క కేంద్రాల రొద రాకుండా ఉండాలంటే సుమారు నాలుగైదు కిలోహెర్ట్‌జ్‌ల పైనున్న శబ్దాన్ని రేడియో వదులుకోక తప్పదు. తాళాల చివరి మెరుపు, ఊపిరి, గజ్జెల్లోని సన్నదనం మా ఇంటి దాకా వచ్చేవే కావు. రాని వాటిని మర్ఫీ మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది? అయితే మిగిలిన సగం నిలబడింది. పెద్ద స్పీకరు, దాని వెనుక ఖాళీ ఉన్న చెక్కపెట్టె కలిసి మంద్రస్వరాలకు నిండుతనం ఇస్తాయి. నాన్నగారు విన్నది ఆ నిండుతనాన్ని. దానికి ఆయన పెట్టుకున్న పేరు మర్ఫీ.

ఇంత చెప్పి నన్ను నేను మినహాయించుకోవడం న్యాయం కాదు. నా మతం సెన్‌హైజర్. 2006లో అమెరికా నుంచి వస్తున్న బంధువు పెట్టెలో, చాక్లెట్ల కింద, చొక్కాలలో చుట్టి, నా హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్ హైదరాబాదు చేరింది. 1997లో వెలువడిన నమూనా అది. దాన్ని పెట్టుకుని విన్న మొదటి రాత్రి, అంతకుముందు వందసార్లు విన్న ఒక వీణ కచేరీలో తీగమీద వేలు జరిగే చప్పుడు వినిపించింది. ఆ క్షణం నుంచి నేను కూడా పక్కింటివారి మీద జాలిపడటం నేర్చుకున్నాను.

ఈ మతంలోని వారందరికీ స్థలపురాణం కంఠస్థం. 1945లో, యుద్ధం ముగిసిన ఏడాదే, జర్మనీలో హానోవర్ దగ్గరి వెన్నెబోస్టెల్ అనే పల్లెలో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ చిన్న ప్రయోగశాల పెట్టాడు. మొదటి సరుకు హెడ్‌ఫోన్ కాదు, వోల్టుమీటరు. 1968లో హెచ్‌డీ 414 వచ్చింది. అంతకుముందు హెడ్‌ఫోన్లు చెవులను డిప్పల్లా మూసేవి. ఇది వెనుకవైపు తెరిచి ఉంచింది. చెవులమీద పసుపుపచ్చని నురగ మెత్తలు, గాలి ఆడే నిర్మాణం. శబ్దం తలలో బిగుసుకుపోకుండా చుట్టూ పరుచుకున్నట్టు ఉండేది. నా 600 కూడా ఆ వంశంలోదే.

ఇతర మతాలవారి పురాణాలు తక్కువవేమీ కావు. గ్రాడో భక్తులు న్యూయార్కు బ్రూక్లిన్‌లోని చిన్న కుటుంబ కార్ఖానా గురించి, 1953లో దాన్ని స్థాపించిన గడియారాల పనివాడు జోసెఫ్ గ్రాడో గురించి చెబుతారు. బేయర్‌డైనమిక్ వారు 1937 నాటి డీటీ 48ని తలుచుకుంటారు. కాస్ వారు 1958లో జాన్ కాస్ సంగీతప్రియుల కోసమే స్టీరియో హెడ్‌ఫోన్ చేశాడని గుర్తుచేసి, 1984 నాటి పోర్టాప్రోను ఎత్తి చూపుతారు. గ్రాడో గిటారును ముఖం మీదకు తెస్తుంది, సెన్‌హైజర్ గొంతును సహజంగా నిలబెడుతుంది, బేయర్ పైస్వరాలకు మెరుగుపెడుతుంది. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. ఏది గొప్ప అన్న దగ్గరే తగువు. ఆ తగువు తీరకపోవడానికి నిజమైన కారణం ఒకటుంది. చెవి డిప్ప ఆకారం, లోపలి గొట్టం పొడవు మనిషికీ మనిషికీ వేరు. ఒకే హెడ్‌ఫోన్ రెండు తలల మీద కచ్చితంగా ఒకే శబ్దం చేయదు. కనుక ఇద్దరు భక్తులు వాదించుకుంటున్నప్పుడు ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

ఈ వాదన నాకు చాలాకాలం కవచంగా ఉపయోగపడింది. ఒక సంక్రాంతికి నందిగామలో అది చిట్లిపోయింది.

మామయ్య మనవడు ఇంజినీరింగు చదువుతున్నాడు. నా 600కు నిరోధం 300 ఓములు. దానికి ప్రత్యేకమైన ఆంప్లిఫయర్ ఉండాలని, ఫోనుకు నేరుగా తగిలిస్తే శబ్దం సన్నబడి ప్రాణం పోతుందని వాడికి ఉపన్యాసం ఇచ్చాను. "అయితే పరీక్ష పెడదాం మామయ్యా" అన్నాడు. నా కళ్ళకు తువ్వాలు కట్టాడు. ఒకసారి ఫోను, ఒకసారి ఆంప్లిఫయర్, శబ్దం ఎత్తు సమానం చేసి మారుస్తానన్నాడు. ఆరుసార్లు మార్చాడు. నేను ఆరుసార్లూ వివరంగా చెప్పాను. ఇందులో మృదంగం ఎండిపోయింది, ఇందులో తంబురా నిండింది, ఇందులో గాయకుడు ఒక అడుగు వెనక్కి వెళ్ళాడు. తువ్వాలు విప్పి చూస్తే ఆంప్లిఫయర్‌కు కరెంటు ప్లగ్గు కూడా పెట్టలేదు. ఆరుసార్లూ ఫోనే.

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆంప్లిఫయర్ పోతే పోనీ. నేను ఇన్నేళ్ళుగా విన్నానని చెప్పుకున్న దానిలో ఎంత విన్నాను, ఎంత కల్పించుకున్నాను? ఆ మొదటి రాత్రి వీణతీగ మీది వేలు కూడా పేరుపలక పలికించినదేనా?

ఈ అవమానం నా ఒక్కడిదే కాదని తెలిసి కొంత ఊరట పొందాను. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ప్రకటించిన ప్రయోగం ఒకటుంది. నలభైమంది శ్రోతలకు నాలుగు స్పీకర్లను ఒకసారి తెర వెనుక ఉంచి, ఒకసారి కనబడేలా ఉంచి వినిపించారు. శ్రోతలు హర్మన్ సంస్థ ఉద్యోగులు. స్పీకర్లు కనబడగానే మార్కులు మారిపోయాయి. తమ సంస్థ తయారుచేసిన పెద్ద స్పీకర్లు పైకి లేచాయి. తెర వెనుక బాగా నెగ్గుకొచ్చిన చిన్న చవక స్పీకరు కిందికి జారింది. వృత్తిరీత్యా శబ్దంతో మసలేవారి గతే అది.

మరునాడు ఉదయం అరుగు మీద కాఫీ తాగుతూ మామయ్యతో అన్నాను, "నీ పేరుపలక కథ నాకూ జరిగింది మామయ్యా" అని. వినికిడి యంత్రం సర్దుకుని, మళ్ళీ చెప్పించుకుని, ఆయన నవ్వాడు.

"ఏరా అల్లుడూ, అహూజా మిగతావాటికంటే బాగా పాడుతుందని నేను దాన్ని పట్టుకున్నాననుకున్నావా? కుర్రతనంలో అలాగే అనుకున్నాననుకో. అర్ధరాత్రి లగ్నానికి పురోహితుడి ముందు యూనిట్ కొట్టేసిందనుకో. తెల్లవారేలోగా బెజవాడలో డయాఫ్రం దొరకాలి. బిగించడం తెలిసినవాడు దొరకాలి. ఆ రోజుల్లో నాకు దేనికి దొరికేదో దాన్నే నమ్మాను. ఆ డబ్బా బాగానే పాడిందిరా. కాలిపోతే దాని భాగాలు ఎక్కడ దొరుకుతాయో చేసినవాడికే తెలియదు. ఆ రోజు ఓడింది నా చెవి. కొట్టు ఓడలేదు."

నేను చాలాకాలంగా తప్పుచోట వెతుకుతున్నానని అప్పుడర్థమైంది. పేరు మీది ప్రేమను శబ్దంతో సమర్థించుకోబోయి అబద్ధాలాడుతున్నాము. నా 600 మెత్తలు ఇప్పటికి మూడుసార్లు మార్చాను, తీగ ఒకసారి. సోల్డరింగు అక్కరలేదు, చేతితో ఊడదీసి చేతితో తగిలించవచ్చు. ఇన్నేళ్ళుగా ఒకే శబ్దంతో విన్నందువల్ల ఏ రికార్డింగులో ఏ లోపముందో పోల్చుకోగల ఒక కొలబద్ద నాకు ఏర్పడింది. అది గొప్పదని కాదు, నాకు అలవాటైనదని. ఈ రెండూ తువ్వాలు కట్టినా నిలిచే కారణాలు.

పేరు మాత్రం నిలిచేది కాదు. వియన్నాలో 1947లో పుట్టిన ఏకేజీ సంస్థ అక్కడి కార్యాలయం 2017లో మూతపడింది. అక్కడి పాత ఉద్యోగులు కొందరు ఆస్ట్రియన్ ఆడియో అనే కొత్త పేరుతో పని మొదలుపెట్టారు. పాత పేరును ప్రేమించినవాడు ఎటు వెళ్ళాలి, పేరు వెంటా, మనుషుల వెంటా? సెన్‌హైజర్ కుటుంబం హెడ్‌ఫోన్ల వ్యాపారాన్ని అమ్మడానికి 2021లో ఒప్పందం చేసుకుంది, 2022లో అది చేతులు మారింది. కొన్నది వినికిడి యంత్రాలు చేసే స్విట్జర్లాండు సంస్థ సోనోవా. అదే 2022లో మా జగ్గయ్యపేట, నందిగామలు కూడా కృష్ణాజిల్లా నుంచి కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి మారాయి. ఎవరైనా అడిగితే మా నోటికి మొదట వచ్చేది ఇప్పటికీ కృష్ణాజిల్లానే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టకముందు మా ఊరు బేతవోలు. అప్పుడు కూడా కొందరు ముసలివారు చాలా ఏళ్ళు బేతవోలు అనే అని ఉంటారు.

మామయ్య చెవుల సంగతి చెప్పాలి. నలభైయేళ్ళు హారన్ల పక్కన నిలబడ్డ మనిషి. పెద్ద శబ్దం మొదట పైస్వరాలను కాజేస్తుంది. స, శ, ఫ వంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. అందుకే ఆయనకు మాట వినబడుతుంది గానీ తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ హద్దు అని చెప్పింది. ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పినా చాలాకాలం వినలేదు.

ఆ సంక్రాంతికే నేను ఒక పని చేసి తీసుకెళ్ళాను. అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. కొత్త మైకు వచ్చినప్పుడల్లా మామయ్య ముందు ఆమె చేతికిచ్చి, పాడించి, క్యాసెట్టు మీద పరీక్షించేవాడు. ఆ క్యాసెట్టొకటి అటకమీద దొరికితే కంప్యూటరులోకి ఎక్కించాను. సత్యనారాయణ వ్రతం నాడు పాడే మంగళహారతి. మామయ్య వినికిడి యంత్రం తీసి అరుగు మీద పెట్టాడు. నేను హెడ్‌ఫోన్ ఆయన తలకు తగిలించి, శబ్దం కొద్దికొద్దిగా పెంచాను.

వెనుక తెరిచి ఉన్న హెడ్‌ఫోన్లకు ఒక దోషం చెబుతారు. లోపలి పాట పక్కనున్నవారికి కూడా వినిపిస్తుంది. బస్సులో పనికిరావు, ఇంట్లో ఎవరైనా పడుకుంటే పనికిరావు. ఆ ఉదయం ఆ దోషం వల్లనే, పక్కన కూర్చున్న నాకూ అత్తయ్య గొంతు సన్నగా వినిపించింది. హారతి మధ్యలో ఆగి, "చాలా? ఇంకా పాడనా?" అని ఆమె అడుగుతుంది. మామయ్య తల ఊపాడు, ఆమెకు కనిపిస్తున్నట్టే.

పాట అయ్యాక హెడ్‌ఫోన్ తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. మెత్తను నొక్కాడు. తీగ కొనను లాగి చూశాడు.

"దీనికి స్పేర్లు దొరుకుతాయా?"

"దొరుకుతాయి మామయ్యా."

"అయితే మంచి కంపెనీయే," అన్నాడు.